మరమ్మతుకో వరస ఉంది

పాతదాన్ని బాగుచేద్దామని కూర్చున్నవాళ్ళలో చాలామంది మధ్యలోనే లేచిపోతారు. పనితనం లేక కాదు, డబ్బు చాలక కూడా కాదు. మొదటి ఆదివారమే ఉత్సాహం కొద్దీ అంతా విప్పి పారేస్తారు. విప్పడం హాయిగా ఉంటుంది, గంటగంటకీ పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది. సాయంత్రానికి నేల నిండా సామాను. మరుసటి వారానికి ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. ఆపై వారం అటువైపు చూడబుద్ధి కాదు. నెల తిరిగేసరికి అన్నీ అట్టపెట్టెల్లోకి చేరతాయి. స్కూటర్లకు ఇదే జరుగుతుంది, మనుషులకూ ఇదే జరుగుతుంది. ఉగాది నాడు నిద్ర, తిండి, ఖర్చు, కోపం, ఇంగ్లీషు అన్నిటినీ ఒక్కసారే మార్చేసుకుంటానని బయల్దేరినవాళ్ళు శ్రీరామనవమి పానకం వేళకు ఎక్కడున్నారో మీ చుట్టూ చూస్తే తెలుస్తుంది.

ఈ మాట ఉత్తినే చెబితే ఉపన్యాసమైపోతుంది. చేత్తో పట్టుకోగలిగిన వస్తువు ఒకటి ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. పాత రేసింగ్ గో-కార్ట్. కార్టే ఎందుకంటే దాంట్లో తప్పు దాచుకోవడానికి చోటు లేదు. తలుపుల్లేవు, పైకప్పు లేదు, సస్పెన్షన్ లేదు. ఉక్కు గొట్టాల చాసిస్, సీటు, స్టీరింగు, ఒక ఇంజిన్, నాలుగు చిన్న చక్రాలు. గ్యారేజీలో చేసిన పొరపాటు ట్రాక్ మీద మొదటి మలుపులోనే బయటపడుతుంది.

చోటు కోల్‌కతాలోని సాల్ట్ లేక్ అనుకోండి. సెక్టర్ ఫైవ్‌లో మీ ఉద్యోగం, సీకే బ్లాకులో మేడ మీద అద్దె గది. ఇంటివాళ్ళబ్బాయి విదేశంలో స్థిరపడ్డాడు, వాళ్ళ అంబాసిడర్ ఎప్పుడో అమ్మేశారు, కింద గ్యారేజీ ఖాళీ. ఇంటావిడ మాసీమా తాళంచెవి మీ చేతిలో పెట్టింది, రాత్రిపూట చప్పుడు చేయకూడదన్న షరతు మీద. రేసులు మానేసిన ఎవరి దగ్గరో టార్పాలిన్ కింద పడున్న కార్ట్ మీ చేతికొచ్చింది. తుప్పు పట్టే ఉంటుంది, సందేహం అక్కర్లేదు. ఈ సాల్ట్ లేక్ అంతా ఒకప్పుడు చిత్తడి నేల. 1960లలో యుగోస్లావియాకు చెందిన ఇన్వెస్ట్ ఇంపోర్ట్ కంపెనీ హుగ్లీ నది అడుగున ఉన్న ఒండ్రు తోడి, గొట్టాల్లో ఇక్కడికి పంపి పూడిస్తే లేచిన ఊరు. దొబ్రివోయె తోష్కోవిచ్ అనే ఆయన దీనికి ప్లాను గీశాడు. నేలనైతే పూడ్చగలిగారు గాని గాలిలో తేమను ఎవరేం చేస్తారు? వానాకాలంలో నూనె రాయకుండా వదిలేసిన ఇనుము ఇక్కడ ఎర్రబడి తీరుతుంది.

సరే, ఆ స్పానర్ కింద పెట్టండి. మొదటి రోజు ఏమీ విప్పకూడదు. ఫోన్ తీసి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. గొలుసు ఎలా నడుస్తోంది, యాక్సిలరేటర్ కేబుల్ ఏ గొట్టం కింద నుంచి పోతోంది, ముందు చక్రాల ఇరుసులకు పైన ఎన్ని వాషర్లున్నాయి, కింద ఎన్నున్నాయి. ఆ వాషర్లు చూడ్డానికి పనికిమాలిన సామానులాగే ఉంటాయి. బండి ముందు భాగం నేలకు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేవి అవే. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్ళకు కూడా నేను ఇదే చెబుతాను. మొదటి నెల ఏమీ తగ్గించొద్దు, పోయే ప్రతి రూపాయీ రాసిపెట్టండి చాలు. పాలవాడి లెక్క, స్విగ్గీ లెక్క, ఇంటికి పంపిన లెక్క. ఏది ఎక్కడ బిగించి ఉందో తెలియకుండా ఏం విప్పుతారు?

తర్వాత ఒక్క భాగమే విప్పండి. బ్రేకులంటే బ్రేకులే. విప్పి, కడిగి, చెడింది మార్చి, తిరిగి బిగించాకే రెండోదాని జోలికి పోవాలి. బోల్టులన్నీ చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో వేసి, పైన చీటీ అంటించండి.

ఈ పద్ధతి మనవాళ్ళకు కొత్త కాదు. హౌరాలో రైలెక్కితే రెండు గంటల్లో ఖరగ్‌పూర్. అక్కడి రైల్వే వర్క్‌షాపులో తరతరాలుగా తెలుగువాళ్ళు పనిచేశారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను వాల్తేరు దాకా ఉండేది. ఆ లైను పట్టుకునే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు అయ్యారు. ఇప్పటికీ ఆ ఊరి బజారులో తెలుగు చెవిన పడుతుంది. వర్క్‌షాపులో జరిగే పెద్ద పనిని పీఓహెచ్ అంటారు, గడువు ప్రకారం పెట్టె మొత్తానికీ చేసే ఓవర్‌హాల్. పెట్టెను పైకి లేపి కింద బోగీలు, అంటే చక్రాల చట్రాలు, విడదీస్తారు. చక్రాలు ఒక షాపుకు, బ్రేకు సామాను ఇంకో షాపుకు. ఎవరి పని వాళ్ళది, ఒకరి సామాను ఇంకొకరిదాంట్లో కలవదు. ఇరుసు లోపల కంటికందని పగులేమైనా ఉందా అని అల్ట్రాసోనిక్ పరీక్షతో చూస్తారు. పని అయ్యాక పెట్టె కొసన మూడు సంగతులు రాసి పంపుతారు: ఓవర్‌హాల్ ఎప్పుడు అయింది, ఎక్కడ అయింది, మళ్ళీ ఎప్పటికి తిరిగి రావాలి. ఈసారి విశాఖ వైపు వచ్చే రైలెక్కినప్పుడు పెట్టె చివర చూడండి, కేజీపీడబ్ల్యూ అన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే అది ఖరగ్‌పూర్‌లో బాగుపడి వచ్చిందన్నమాట. వ్యక్తిత్వ వికాసం మీద పుస్తకాలు రాసేవాళ్ళు ఆ మూడో సంగతి తరచుగా మరిచిపోతుంటారు. ఒకసారి బాగుపడితే జన్మంతా అలాగే ఉంటుందన్నట్టు రాస్తారు. రైల్వేవాళ్ళకు ఆ భ్రమ లేదు.

ఇక చాసిస్ సంగతి. ఇందులో మొదట చేయాల్సిన పని అందంగా ఉండదు. సీటు తీసి, అడుగు రేకు విప్పి, వెల్డింగు అతుకుల దగ్గర రంగు గీకేయాలి. సీటును పట్టుకునే పట్టీలు చాసిస్‌కు అతికే చోటు, వెనక ఇరుసు బేరింగులు కూర్చునే చోటు, ముందు చక్రాలను పట్టుకునే కొక్కేల మొదలు. పగుళ్ళు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. డై పెనెట్రెంట్ అని స్ప్రే డబ్బాల సెట్టు దొరుకుతుంది, వెల్డింగు సామాను అమ్మే దుకాణాల్లో అడగండి. ముందు ఆ చోటు జిడ్డు లేకుండా తుడవాలి. ఎర్ర ద్రవం కొట్టి ఓ పావుగంట ఆగాలి. గుడ్డతో పైపైన ఎరుపంతా పోయేలా తుడిచి, ఆ మీదట తెల్లటి డెవలపర్‌ను పల్చగా కొట్టాలి. అతుకు బాగుంటే సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండిపోతుంది. పగులుంటే ఆ తెలుపులోంచి వెంట్రుకంత సన్నని ఎర్ర గీత మెల్లగా పైకి తేలుతుంది. ఇంకాసేపటికి అంచులు చెమర్చినట్టు లావవుతుంది. మీరు చూస్తుండగానే తేలుతుంది. ఒక్కసారి అది చూసినవాళ్ళు కొత్త రంగు చూసి దేన్నీ కొనరు.

చెడ్డ కబురు ముందు వెతుక్కోమని చెప్పడానికే ఇంత వివరం. ఇంజిన్ మీద డబ్బు పోశాక చాసిస్ పగిలిందని తెలిస్తే, పోసిన డబ్బే మిమ్మల్ని కట్టిపడేస్తుంది. ‘ఇంత పెట్టాక వదిలేయడమెలా’ అన్న ఒక్క మాట ఎన్ని వ్యాపారాలను, ఎన్ని పీహెచ్‌డీలను, ఎన్ని పెళ్ళి సంబంధాలను ముంచలేదు! అందుకని పని మొదలుపెట్టకముందే ఏది కనిపిస్తే ఆపేస్తారో కాగితం మీద రాసుకోండి. అడుగు గొట్టం నేలకు రాసుకుని రాసుకుని రేకంత పల్చబడిందా? చదునైన నేల మీద పెడితే ఒక మూల లేచి ఊగుతోందా, అది సరిచేయించలేనంత మెలి తిరిగిందా? అయితే ఆపేయడమే. పనికొచ్చే భాగాలు అమ్ముకుని ఇంకో కార్ట్ చూసుకోండి. పట్టుదల మీద మన పత్రికల్లో బోలెడు వ్యాసాలు వస్తాయి. సమయానికి వదిలేయడం మీద కూడా ఎవరైనా రాస్తే బాగుండును.

పగులు చిన్నదైతే వెల్డింగు చేయించవచ్చు. ఇక్కడే రెండో గండం పొంచి ఉంటుంది. వెల్డరు దయగలవాడు. ‘ఇక్కడ అడ్డంగా ఇంకో రాడ్డు కొట్టేస్తా, జన్మలో విరగదు’ అంటాడు. ఒప్పుకోకండి. కార్ట్‌కు సస్పెన్షన్ లేదన్నాను కదా, ఆ పని కూడా చాసిస్సే చేయాలి. పైగా డిఫరెన్షియల్ లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇరుసు మీద ఉంటే ఆ లెక్క కుదరదు. అందుకే మలుపులో లోపలి వెనక చక్రం నేల మీది నుంచి రవ్వంత లేవాలి, మలుపు దాటగానే మళ్ళీ ఆనాలి. స్టీరింగు తిప్పగానే ముందు చక్రాల కోణం బండి ఒక మూలను పైకి తోస్తుంది, చాసిస్ కాస్త మెలి తిరుగుతుంది, వెనక చక్రం లేస్తుంది. గొట్టాలు ఎంత వంగాలో, ఎక్కడ వంగాలో తయారుచేసినవాడు లెక్క చూసి పెట్టాడు. మీ వెల్డరు కొట్టిన రాడ్డు ఆ లెక్కను చెడగొడుతుంది. బండి ఒక మలుపులో జారుతుంది, ఇంకో మలుపులో ఎగిరెగిరి పడుతుంది. చాసిస్ ఎంత గట్టిగా ఉన్నా లాభం ఉండదు.

దెబ్బ తిన్న మనుషులు చేసుకునేదీ ఇదే. స్నేహితుడికి అప్పిచ్చి మోసపోయినవాడు ఇక ఎవరికీ పది రూపాయలివ్వడు. మీటింగులో ఒకసారి నవ్వులపాలైన అమ్మాయి ఇక నోరు విప్పదు. విరిగిన చోట అడ్డంగా రాడ్డు కొట్టించుకుంటారు. ఆ తర్వాత విరగరు, నిజమే. తిరగరు కూడా. పగిలింది ఎంత మేరో అంత మేరే అతకండి. అప్పు విషయంలో మోసపోతే ఇకమీదట కాగితం రాయించుకోండి. స్నేహాలు మానేయకండి.

చాసిస్ తర్వాత బ్రేకులు, ఆ తర్వాతే ఇంజిన్. కారణం చెప్పక్కర్లేదు, అయినా ఈ వరస తిరగేసేవాళ్ళే ఎక్కువ. ఇంజిన్ చప్పుడు చేస్తుంది, చూడ్డానికి జనం వస్తారు. మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు సీళ్ళు మార్చినందుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. మార్చండి.

ఇంజిన్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పాత టూ-స్ట్రోక్ రేసింగ్ ఇంజిన్లలో పెట్రోలులో కలిపే నూనెకు ఆముదం పేరు మోసిన సరుకు. క్యాస్ట్రాల్ కంపెనీకి ఆ పేరు వచ్చిందే ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో పండిన గింజ ఇక్కడ రేసింగ్ సరుకు అవుతుంది, చూశారా! ఎంత వేడెక్కినా లోహాన్ని అంటిపెట్టుకుని ఉండటం ఆముదం గుణం. వాడకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే ఆ గుణమే దోషమవుతుంది, జిగురై గట్టిపడి పిస్టన్‌ను సిలిండర్‌కు అంటించేస్తుంది. ఇంజిన్ జామ్. అప్పుడు సుత్తి తీయకండి. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి డీజిలో, తుప్పు వదిలించే నూనో పోసి వదిలేయండి. రోజూ ఆఫీసు నుంచి రాగానే క్రాంకును చేత్తో అటూ ఇటూ ఆడించి చూడండి. బలం పెట్టొద్దు. చాలావాటికి నానడమే మందు, ఒక సాయంత్రం రవ్వంత కదులుతుంది. నానినా కదలకపోతే అప్పుడు సిలిండర్ విప్పించాలి. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నయ్యతో కూడా మొదటి ఫోన్లోనే పొలం పంపకాల సంగతి ఎత్తకండి. ‘ఒంట్లో బాగుందా అన్నయ్యా, వదిన ఎలా ఉంది’ అని అడిగి పెట్టేయండి. వచ్చే వారం మళ్ళీ చేయండి. జవాబు పొడిగా వచ్చినా సరే.

శనివారం మల్లిక్ బజార్ వెళ్ళండి. సెక్టర్ ఫైవ్‌లో మెట్రో ఎక్కి సియాల్దాలో దిగి, ఏజేసీ బోస్ రోడ్డు మీద దక్షిణంగా పోతే పార్క్ స్ట్రీట్ కలిసే చోట ఉంటుంది. పాత బండ్ల సామానుకు కోల్‌కతాలో పేరున్న చోటు అదే. ఫొటో చూపించి వర్ణించకండి, అసలు ముక్కనే సంచిలో వేసుకుపోండి. బేరింగు చుట్టూ తుడిస్తే నంబరు కనిపిస్తుంది, ఆ నంబరు ఏ దేశంలో తయారైన బేరింగుకైనా ఒకటే లెక్క. రేసింగ్ కార్ట్ అంటే అన్నీ విదేశాల నుంచి తెప్పించాలేమో అని భయపడినవాళ్ళకు, బేరింగులు, ఆయిల్ సీళ్ళు, బోల్టులు ఇక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయని తెలిశాక ఊపిరి వస్తుంది. మన కష్టాల్లోనూ అరుదైనది కొంచెమే, మిగతాదంతా ఊరందరిదీ. ఆ కొంచెం కోసమే, అంటే పిస్టన్, సిలిండర్ లాంటివాటి కోసమే, కార్టింగ్ జరిగే బెంగళూరు, కోయంబత్తూరు వైపు వాకబు చేయాలి.

అడగడం కూడా ఒక విద్యే. ‘దాదా, ఎక్‌టు దేఖ్‌బేన్?’ (అన్నా, కాస్త చూస్తారా?) అని మొదలుపెట్టండి. నాకు ఇది తెలియదని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. యూట్యూబ్‌లో చూసింది లేత్ మెషిన్ దగ్గర నిలబడ్డ పెద్దాయనకు వల్లించకండి. ఇరుసు వంకర ఉందో లేదో ఆయన దాన్ని లేత్‌కు పట్టించి ఒక్కసారి తిప్పి చెప్పేస్తాడు. టీ చెప్పి, పక్కన నిలబడి ఆయన చేతులు చూడండి. ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్ళకు ఈ పని కాస్త కష్టమే.

అసలు కార్ట్ పుట్టిందే మిగిలిపోయిన సామానులోంచి. 1956లో కాలిఫోర్నియాలో రేసు కార్లు తయారుచేసే ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, గడ్డికోత యంత్రాల కోసం తయారై అమ్ముడుపోకుండా పడున్న వెస్ట్ బెండ్ ఇంజిన్ ఒకటి తెచ్చి గొట్టాల చట్రానికి బిగించాడు. జర్మనీలో మైకేల్ షూమాకర్‌కు నాలుగేళ్ళప్పుడు తాపీమేస్త్రీ అయిన తండ్రి రోల్ఫ్ పెడల్ కార్ట్‌కు చిన్న మోటారు తగిలించి ఇచ్చాడు. డబ్బున్న పిల్లలు పారేసిన టైర్లు వేసుకుని ఆ కుర్రాడు పోటీల్లో దిగేవాడు. కారు మెకానిక్‌గా శిక్షణ కూడా పూర్తి చేశాడు. ఈ కథ చెప్పి పేదరికమే వరమనే వక్తలున్నారు, వాళ్ళను నమ్మకండి. ఖర్చు ఇంటి శక్తికి మించినప్పుడు స్థానిక వ్యాపారులు ముందుకొచ్చి డబ్బు పెట్టారు కాబట్టే ఆ కుర్రాడు నిలబడ్డాడు. పారేసిన టైరు ఏరుకోవడానికి ఎంత చొరవ కావాలో, సాయం తీసుకోవడానికీ అంత చొరవ కావాలి. మనలో చాలామందికి మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు.

పని వేళలు ముందే కుదుర్చుకోండి. వారంలో రెండు పూటలు చాలు, అవి మాత్రం తప్పకూడదు. దుర్గా పూజ రోజులు లెక్కలోంచి తీసేయండి. బ్లాకు మొత్తం పందిరి దగ్గరే ఉంటుంది, మీరు గ్యారేజీలో కూర్చున్నా పని సాగదు. కూర్చోవడం మర్యాద కూడా కాదు. మాసీమా భోగ్ ప్రసాదం తినడానికి రమ్మంటే వెళ్ళండి.

సీటు బిగించే ముందు మీరు అందులో కూర్చోవాలి. కార్ట్‌లో అన్నిటికన్నా బరువైన వస్తువు నడిపేవాడే. సీటు వేలెడంత ముందుకో వెనక్కో జరిగితే బండి బరువు పంపకమే మారిపోతుంది. పాత ఓనరు ఎన్ని కప్పులు గెలిచాడో మనకు అనవసరం, ఆయన సీటు కొలత మీకు పనికిరాదు. అలాగే ఎవరో పెద్దమనిషి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడట. మీ షిఫ్టు రాత్రి పదకొండుకు ముగుస్తుంటే నాలుగింటికి లేచి ఏం చేస్తారు?

రంగు అన్నిటికన్నా చివర. కోల్‌కతాలో 1968 నుంచి స్టేట్స్‌మన్ పత్రిక పాత కార్ల ర్యాలీ జరుపుతోంది. తళతళలాడే ఫెండర్లు చూడ్డానికి జనం విరగబడతారు. కానీ అది ర్యాలీ, ఆ కార్లు రోడ్డు మీద నడిచి చూపించాలి. మీ కార్ట్‌కు పాత స్టిక్కర్లు మిగిలి ఉంటే తీసేయకండి, గీతలు పడ్డ ఫైబర్ ముక్కలు అలాగే ఉండనివ్వండి. గీకిన చోట మాత్రం తుప్పు పట్టకుండా ప్రైమరు, దాని మీద రంగు.

నడపడం ఎక్కడ? ఆదివారం పొద్దున్నే సాల్ట్ లేక్ వీధులు ఖాళీగా ఉంటాయని ఆశపడకండి. కార్ట్‌కు నంబరు ప్లేటు ఉండదు, రోడ్డు మీదికి తేవడం చట్టవిరుద్ధం, మలుపు తిరిగితే ఎదురుగా సైకిల్ రిక్షా ఉంటుంది. రేసింగ్ కార్ట్‌కు తగిన ట్రాకులు దక్షిణాదిలో ఉన్నాయి. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఒకటుంది, బెంగళూరులో మెకో కార్టోపియా ఉంది. తీసుకెళ్ళే ముందు వాళ్ళకు ఫోన్ చేసి సొంత బండి తేనిస్తారో లేదో కనుక్కోండి. షాలిమార్ నుంచి చెన్నై వెళ్ళే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్, విశాఖ, విజయవాడ మీదుగానే పోతుంది. రైలు పార్సిల్‌లో పంపేట్టయితే ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా దించేయాలి.

ట్రాక్ మీద మొదటి పది నిమిషాలు సగం వేగం దాటకండి. ఆపి, ఇంజిన్ కాస్త చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమరంగు ఉంటే పెట్రోలూ గాలీ సరిగ్గా కలుస్తున్నాయి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, కార్బురేటర్‌లో పెద్ద జెట్ వేయాలి, లేదంటే పిస్టన్ పట్టేస్తుంది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. ఆ తర్వాత సీటు బోల్టులు, స్ప్రాకెట్ బోల్టులు, స్టీరింగు రాడ్డు చివరలు ఒక్కొక్కటే స్పానర్‌తో పట్టి చూడండి. కొన్ని వదులై ఉంటాయి. కొత్తగా బిగించిన బండికి అది మామూలే, కంగారు పడక్కర్లేదు. బిగించి, గొలుసు బిగువు చూసుకుని, హెల్మెట్ పెట్టుకుని రెండోసారి బయల్దేరండి. ఈసారి మూడొంతుల వేగం దాకా పోవచ్చు.